హోదా లేకుండా పక్క టీమ్‌తో పని చేయించుకోవడం ఎలా

హైదరాబాద్ ఐటీ ఆఫీసుల్లో ఐదారేళ్ల అనుభవం దాటిన చాలామంది పరిస్థితి ఒకటే. ఒక ఫీచర్‌నో రిలీజ్‌నో తెచ్చి మీ నెత్తిన పెడతారు, దానికి పనిచేయాల్సిన వాళ్లలో ఒక్కరు కూడా మీకు రిపోర్ట్ చేయరు. డేటాబేస్ వాళ్ల మేనేజర్ వేరు, టెస్టింగ్ వాళ్ల మేనేజర్ వేరు, సెక్యూరిటీ వాళ్లు పుణేలో ఉంటారు, క్లయింట్ దగ్గరే ఉండే ఆన్‌సైట్ కోఆర్డినేటర్ న్యూజెర్సీలో ఉంటాడు. వాళ్లకు సెలవు ఇచ్చేది మీరు కాదు, రేటింగ్ వేసేది మీరు కాదు. "నువ్వు చెప్తే నేనెందుకు చేయాలి" అని ఎవరూ మొహం మీద అనరు గానీ, మీరు సిస్టమ్‌లో పెట్టిన పని అభ్యర్థన, అంటే టికెట్, రెండు వారాలు కదలకుండా పడి ఉందంటే దాని అర్థం అదే. తేదీ దాటిన రోజున మాత్రం అందరూ చూసేది మీ వైపే.

ఇలాంటప్పుడు చాలామంది చేసేది మూడు పనుల్లో ఒకటి: రోజుకు రెండుసార్లు "స్టేటస్ ప్లీజ్" అని పంపడం, మెయిల్‌లో పెద్దవాళ్లను కలపడం, లేదంటే ఎవరినీ అడగలేక అన్నీ తామే మీద వేసుకుని రాత్రిళ్లు కూర్చోవడం. మూడూ కొన్నాళ్లే నడుస్తాయి. నేను చూసినంతలో, హోదా లేకపోయినా పని నడిపించగలిగే వాళ్లు అడగడానికి ముందే చాలా పని చేసుకుంటారు. అవతలి మనిషి ఎవరికి, దేనికి జవాబు చెప్పుకోవాలో కనుక్కుంటారు, ఆయన భయపడే విషయాన్ని తమ చేతనైనంత తగ్గిస్తారు, అప్పుడు అడుగుతారు. కింద రాసేదంతా దాని గురించే.

వాళ్ల బాస్ వాళ్లను ఏం అడుగుతాడు?

మొదట తెలుసుకోవాల్సింది ఇది. ఒక ఉదాహరణ తీసుకుందాం. రీఫండ్ స్క్రీన్ నెమ్మదిగా తెరుచుకుంటోంది, ఒక పెద్ద టేబుల్ మీద ఇండెక్స్ (పుస్తకం వెనక పదసూచికలా, వెతికేది త్వరగా దొరికేలా చేసేది) కడితే సరిపోతుందని మీకు తెలుసు, మీ లెక్కలో అది పది నిమిషాల పని. డేటాబేస్ ఆయన మాత్రం వారంగా "చూస్తానండి" అంటున్నాడు. మీకు అది బద్ధకంలా కనిపిస్తుంది. ఆయన వైపు నుంచి చూడండి. పోస్ట్‌గ్రెస్ అనే డేటాబేస్‌లో మామూలుగా ఇండెక్స్ కడితే, అది పూర్తయ్యేదాకా ఆ టేబుల్‌లో కొత్తగా ఏదీ రాయడానికి ఉండదు. చదవడం జరుగుతుంది, రాయడం ఆగుతుంది. కోట్ల వరుసలున్న పేమెంట్ టేబుల్‌లో అలా ఆగితే రాత్రి రెండింటికి ఫోన్ మోగేది ఆయన ఇంట్లో, మీ ఇంట్లో కాదు. ఆయన బాస్ ఆయన్ని నెలాఖరుకు అడిగేది "ఎన్నిసార్లు సిస్టమ్ ఆగింది" అని. మీ రీఫండ్ స్క్రీన్ ఎంత వేగంగా తెరుచుకుంటోందని ఆయన్ని ఎవరూ అడగరు.

ఇది తెలిశాక మీరు అడిగే తీరే మారిపోతుంది. ఇండెక్స్‌ను 'కంకరెంట్లీ' పద్ధతిలో కడితే రాతలు ఆగవు, సమయం మాత్రం ఎక్కువ పడుతుంది, మధ్యలో ఫెయిలైతే పనికిరాని ఇండెక్స్ ఒకటి మిగిలిపోతుంది, దాన్ని తీసేసి మళ్లీ కట్టాలి. ఇవన్నీ ముందే చదువుకుని, టెస్ట్ డేటాబేస్‌లో నడిపి, ఎంతసేపు పట్టిందో రాసుకుని వెళ్లండి. అప్పుడు ఆయనకు మీరు పని అంటగట్టడానికి వచ్చిన మనిషిలా కనిపించరు.

మెసేజ్ కూడా అలాగే ఉండాలి. మామూలుగా వెళ్లేది ఇలా ఉంటుంది:

"హాయ్, ఆ ఇండెక్స్ పని ఏమైంది? కొంచెం అర్జెంట్, త్వరగా చూడండి."

ఇందులో ఆయనకు పనికొచ్చే ముక్క ఒక్కటీ లేదు. ఏ టేబుల్, ఎందుకు, ఎప్పటికి, రిస్క్ ఎంత, అన్నీ ఆయనే తవ్వుకోవాలి. దీని బదులు ఇలా రాయండి:

"నమస్తే అండి. రీఫండ్ టేబుల్ మీద ఇండెక్స్ ఒకటి కావాలి. స్క్రిప్ట్ రాశాను, రాతలు ఆగకుండా ఉండే పద్ధతిలోనే పెట్టాను, టెస్ట్‌లో నడిపి పట్టిన సమయం టికెట్‌లో వేశాను. ఫెయిలైతే వెనక్కి తీసే కమాండ్ కూడా అందులోనే ఉంది. మీరు చూడాల్సినవి రెండే: పేరు మీ పద్ధతి ప్రకారం ఉందా, ఏ రాత్రి నడిపితే మీకు వీలు. గురువారంలోగా అయితే శుక్రవారం టెస్టింగ్ వాళ్లకు ఇవ్వగలం. ఈ వారం కుదరకపోతే ఇప్పుడే చెప్పేయండి, మా ప్లాన్ మార్చుకుంటాం, ఇబ్బందేం లేదు."

మీ ఆఫీసులో ఇది ఇంగ్లీషులోనే రాస్తారు, రాయండి, సరుకు మాత్రం ఇదే ఉండాలి. చివరి వాక్యం మీద కొంచెం ఆగుతాను. "కుదరకపోతే చెప్పేయండి" అని మనస్ఫూర్తిగా అనగలిగినప్పుడే అవతలి వాళ్లు నిజం చెప్తారు. మన దగ్గర మొహమాటం ఎక్కువ, ఎదురుగా కాదని చెప్పలేక "చూద్దాం", "ట్రై చేస్తా" అనేస్తారు, మనం అది సరే అన్నట్టు లెక్కేసుకుని ప్లాన్ గీసేస్తాం. అలాంటి జవాబు వచ్చినప్పుడు అక్కడితో వదిలేయకండి, ఒత్తిడి కూడా పెట్టకండి. "ఈ వారం మీ చేతిలో ఇంకేం ఉన్నాయండి?" అని అడగండి చాలు. పని లిస్టు చెప్పడం మొదలుపెడితే మీది అందులో ఎన్నో నంబర్లో ఉందో రెండు నిమిషాల్లో తేలిపోతుంది. ఒక్కోసారి ఆ లిస్టులో మీరు చేసిపెట్టగల చిన్న పని ఒకటి కనిపిస్తుంది కూడా. కనిపిస్తే చేసిపెట్టండి. దాన్ని లంచం అనుకోవద్దు, ఇద్దరి పనీ ముందుకు నడుస్తుంది, అంతే.

మీటింగ్‌కు ముందు

పదిమంది కూర్చున్న కాల్‌లో కొత్త ప్రతిపాదన పెట్టి, అక్కడే అందరూ ఒప్పుకోవాలని ఆశపడకండి. నలుగురి ముందు మొదటిసారి విన్న దానికి ఎవరైనా అడ్డంకులే వెతుకుతారు, అది వాళ్ల తప్పు కాదు, సిద్ధంగా లేని మనిషి జాగ్రత్తపడతాడు. కాబట్టి ఎవరి "ఊ" లేకపోతే పని ఆగిపోతుందో ఆ ఇద్దరు ముగ్గురిని ముందే విడివిడిగా కలవండి. క్యాంటీన్‌లో టీ తాగుతూనో, పది నిమిషాల కాల్‌లోనో. "ఇలా అనుకుంటున్నాను, మీకు ఇందులో తేడా కొట్టేది ఏంటి?" అని అడిగి, వాళ్లు చెప్పిన దాంతో డ్రాఫ్ట్ నిజంగా మార్చండి. మార్చిన చోట ఎవరి సలహాతో మార్చారో వాళ్ల పేరు రాయండి. ఆ మనిషి మీటింగ్‌లో మీ ప్రతిపాదన గురించి మాట్లాడేటప్పుడు అది తన పని కూడా అన్నట్టే మాట్లాడతాడు, ఎందుకంటే అది నిజమే.

డ్రాఫ్ట్‌ను డ్రాఫ్ట్‌గానే ఉంచడం కూడా ముఖ్యం. ఇంటర్నెట్‌కు పునాది పడిన రోజుల్లో ఇలాగే జరిగింది. 1969లో అమెరికాలో, ఇంటర్నెట్‌కు ముందు వచ్చిన అర్పానెట్ అనే నెట్‌వర్క్ కోసం నాలుగు చోట్ల కంప్యూటర్లను కలపాలి, అవి ఒకదానితో ఒకటి ఏ పద్ధతిలో మాట్లాడుకోవాలో తేల్చే బాధ్యత కొందరు పీజీ విద్యార్థుల మీద పడింది, వాళ్లకు అధికారికంగా ఏ హోదా లేదు. వాళ్లలో ఒకడైన స్టీవ్ క్రాకర్ ఆ ఏప్రిల్‌లో మొదటి నోట్ రాశాడు. పెద్దవాళ్ల మీద ఆజ్ఞ జారీ చేసినట్టు ఉండకూడదని, మీ వ్యాఖ్యలు కోరుతున్నాం అన్న అర్థం వచ్చేలా దానికి ఆర్ఎఫ్‌సీ (రిక్వెస్ట్ ఫర్ కామెంట్స్) అని పేరు పెట్టాడు. ఆ వరుసలో పత్రాలు ఇప్పుడు తొమ్మిది వేలు దాటాయి, ఈమెయిల్ నుంచి వెబ్ దాకా మనం వాడేవాటి నియమాలు ఎన్నో వాటిలోనే ఉన్నాయి. ఆజ్ఞాపించే అధికారం లేనివాళ్లు రాసి ముందుపెట్టారు, పదిమందీ దిద్దారు, దిద్దినవాళ్లు దాన్ని తమదిగా చేసుకున్నారు. మీరు కూడా రెండు పేజీలు దాటకుండా రాసి, పైన "ఇంకా ఖరారు కాలేదు, బుధవారం దాకా మార్పులు చెప్పొచ్చు" అని పెట్టండి. గడువు లేకపోతే ఎవరూ తెరవరు, బుధవారం అని రాశారు కాబట్టి బుధవారం సాయంత్రం ఖరారు చేసేయండి కూడా.

మీటింగ్ అయ్యాక ఏం తేలిందో రాసి పంపే పని ఎవరికీ ఇష్టం ఉండదు. అది మీరు తీసుకోండి, కాల్ అయిన అరగంటలో పంపండి: ఏం నిర్ణయించాం, ఎవరు చేస్తున్నారు, ఎప్పటికి, ఏది తేలలేదు. నాలుగు వరుసలు చాలు. రెండు వారాలు పోయాక "మనం అలా అనుకోలేదే" అని ఎవరైనా అన్నప్పుడు వెతికేది ఆ నాలుగు వరుసల కోసమే. ఒక్క షరతు, మీ అభిప్రాయానికి అనుకూలంగా వంచి రాయొద్దు. ఒక్కసారి అలా దొరికితే మీ నోట్లను ఇంకెవరూ నమ్మరు.

ఇక్కడ ఆడవాళ్లకు ఒక మాట. చాలా టీముల్లో నోట్స్ రాయడం, పార్టీకి కేక్ తెప్పించడం, కొత్తవాళ్లకు సీటు చూపించడం లాంటివి అడగకుండానే మీ మీదికి వచ్చి పడతాయి. నిర్ణయాల నోట్ వేరు, కేక్ వేరు. మొదటిది మీకు బలం, దాన్ని పట్టుకోండి. రెండోది వంతులవారీగా చేద్దామని చెప్పండి, అలా అడగడంలో తప్పేం లేదు.

పని అందరికీ కనిపించాలి

టయోటాలో ఒక కారు మోడల్‌కు చీఫ్ ఇంజినీర్ అంటే ఆ కారు మొత్తానికి బాధ్యుడు, కానీ ఇంజిన్, బాడీ, బ్రేకులు చేసే వందలమంది ఇంజినీర్లు ఆయన కింద ఉండరు, తమ తమ విభాగాల మేనేజర్లకే రిపోర్ట్ చేస్తారు. అంటే మీ పరిస్థితే, ఇంకా పెద్ద ఎత్తున. 1997లో వచ్చిన మొదటి ప్రియస్ కారుకు ఆ బాధ్యత తీసుకున్న తకేషి ఉచియమాడ అంతకుముందు ఎప్పుడూ చీఫ్ ఇంజినీర్‌గా చేయలేదు. ఆయన ఒక పెద్ద గది తీసుకుని, ముఖ్యమైన విభాగాల నిపుణులను అందులో తరచూ కూర్చోబెట్టి, షెడ్యూళ్లు, సమస్యలు అన్నీ గోడల మీద పెట్టించాడు. జపనీస్‌లో పెద్ద గది అనే అర్థంలో ఒబెయా అనే ఆ పద్ధతి ఇప్పటికీ ఎన్నో కంపెనీల్లో నడుస్తోంది.

మనకు గది దొరకదు, సగంమంది ఇంటి నుంచే పని. ఒక షీట్ చాలు. పని, ఎవరి చేతిలో ఉంది, ఏది వస్తే కదులుతుంది, ఎప్పటికి. అందరికీ చూసే వీలు, అందరికీ మార్చే వీలు ఇవ్వండి. మొదటి వరుసల్లో మీ సొంత పనులే పెట్టండి, ఆలస్యమైనవి కూడా దాచకుండా పెట్టండి. ఆ షీట్ ఎవరినో దొరకబుచ్చుకోవడానికి పెట్టింది కాదని అవతలివాళ్లకు అప్పుడే నమ్మకం కలుగుతుంది. వారంలో ఒకసారి పదిహేను నిమిషాలు అందరూ దాన్నే చూస్తూ మాట్లాడుకుంటే "స్టేటస్ ప్లీజ్" మెసేజ్‌లు సగం వాటంతట అవే పోతాయి. ఆన్‌సైట్ వాళ్లున్న టీమ్ అయితే కాల్ టైమ్ విషయంలో న్యాయంగా ఉండండి. చలికాలంలో న్యూజెర్సీ ఉదయం తొమ్మిదంటే మనకు సాయంత్రం ఏడున్నర, ప్రతిసారీ ఒకవైపు వాళ్ల ఇంటి టైమే పోతుంటే ఆ విసుగు పని మీద చూపిస్తారు.

మాట్లాడని వాళ్ల దగ్గరే అసలు సమాచారం ఉంటుంది

కాల్‌లో గట్టిగా మాట్లాడే ముగ్గురిని ఒప్పిస్తే పనైపోయిందని అనుకుంటాం. రిలీజ్ ముందు రోజు ఆగిపోయేది మాత్రం నోరు విప్పని టెస్టింగ్ అమ్మాయికో, కాంట్రాక్ట్ మీద వచ్చిన కుర్రాడికో ముందే తెలిసిన విషయం దగ్గర. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2008లో ఆపరేషన్ థియేటర్ల కోసం 19 అంశాల చెక్‌లిస్ట్ ఒకటి విడుదల చేసింది. అందులో కోత పెట్టడానికి ముందు చేయాల్సిన వాటిలో ఒకటి, గదిలో ఉన్న ప్రతి ఒక్కరూ తన పేరు, తన పని చెప్పడం. దాన్ని ఢిల్లీతో సహా ఎనిమిది నగరాల ఆస్పత్రుల్లో పరీక్షించినప్పుడు మరణాలు 1.5 శాతం నుంచి 0.8 శాతానికి తగ్గినట్టు 2009లో ప్రచురించారు. పేర్లు చెప్పుకోవడం ఒక్కదాని వల్లే అది జరిగిందనడం లేదు, చెక్‌లిస్టులో ఇంకా చాలా ఉన్నాయి. నాకు అందులో నచ్చింది, సర్జన్ ఉన్న గదిలో నర్సు కూడా మాట్లాడే వంతును పద్ధతిలోనే పెట్టేయడం. ఒకసారి గొంతు విప్పిన మనిషికి రెండోసారి విప్పడం తేలిక.

మన కాల్స్‌లో కూడా ఇది చేయొచ్చు. చివర్లో "ఎవరికైనా సందేహాలున్నాయా?" అని గాల్లోకి అడిగితే మౌనమే వస్తుంది. పేరు పెట్టి, చెప్పగలిగే ప్రశ్న అడగండి: "టెస్ట్ డేటా వైపు నుంచి చూస్తే మీకు ఎక్కడ ఆగుతుందనిపిస్తోంది?" వాళ్లు ఏదైనా మంచిది చెప్పాక పది నిమిషాలకు ఇంకొకరు అదే మాటను తన మాటగా చెప్తే, "అవును, ఇందాక ఆవిడ చెప్పింది ఇదే" అని ఎవరి మాట వాళ్లకు అప్పజెప్పండి. దీనికి ఏ హోదా అక్కర్లేదు, చేసినవాళ్లను మాత్రం టీమ్ అంతా గుర్తుపెట్టుకుంటుంది.

ఇంకోటి, మనవాళ్లు ఎక్కువగా ఉన్న టీముల్లో తరచూ జరిగేది. కాల్‌లో తమిళనాడు ఆయనో, పుణే ఆవిడో ఉండగానే చర్చ వేడెక్కేసరికి తెలుగులోకి వెళ్లిపోతాం. తెలుగు మన భాష, నాకు ప్రాణం, కానీ ఆ పది నిమిషాల్లో వాళ్లకు అర్థమయ్యేది తమను పక్కన పెట్టారని ఒక్కటే. తర్వాత వాళ్ల సాయం కావాల్సి వచ్చినప్పుడు అది గుర్తొస్తుంది. మీరే ముందుగా వెనక్కి తిప్పండి, అప్పటిదాకా తెలుగులో ఏం అనుకున్నారో రెండు ముక్కల్లో చెప్పండి.

మీకన్నా పెద్దవాళ్లతో

పద్దెనిమిదేళ్ల అనుభవం ఉన్న ఆర్కిటెక్ట్‌కు ఏడేళ్ల మనిషి దారి చూపించడం మన దగ్గర సున్నితమైన విషయం. ఆఫీసులో పేరు పెట్టి పిలిచినా, లోపల వయసుకు లెక్క ఉంటుంది. పొగడ్త అవసరం లేదు, ఆయన ఇట్టే పసిగడతాడు. "ఈ మాడ్యూల్ మొదట ఇలా ఎందుకు కట్టారండి?" అని నిజంగా తెలుసుకోవడానికే అడగండి. పాత నిర్ణయాల వెనక కారణాలు ఉంటాయి, కొన్నింటికి కాలం చెల్లి ఉంటుంది, ఆ మాట ఆయన నోటితోనే వస్తే సగం పని అయినట్టు. ఆయనతో విభేదించాల్సి వస్తే నలుగురిలో మొదటిసారి విభేదించకండి, ముందు విడిగా చెప్పండి. అప్పటికీ ఆయన కాదంటే, లెక్కలు చూపించండి. ఒక చిన్న ప్రయోగం చేసి ఫలితం ముందుపెడితే వయసు గొడవ మధ్యలోకి రాదు.

పైకి తీసుకెళ్లాల్సి వస్తే

అన్నీ చేసినా కొన్నిసార్లు కదలదు. తరచూ దానికి కారణం, ఆయన టీమ్‌కూ మీ టీమ్‌కూ పైనుంచి వచ్చిన ప్రాధాన్యాలు వేరు కావడం. అది మీ ఇద్దరి చేతిలో తేలేది కాదు, పైవాళ్లే తేల్చాలి. అప్పుడు ఎస్కలేషన్ తప్పు కాదు, చాటుగా చేయడమే తప్పు. ముందు ఆయనకే చెప్పండి: "మనిద్దరం దీన్ని తేల్చలేం కదా, మీ మేనేజర్‌నీ మా మేనేజర్‌నీ కలిపి అడుగుదాం. నోట్ నేను రాస్తాను, పంపేముందు మీరు చూడండి." ఆ నోట్‌లో ఎవరి తప్పు అన్న ప్రస్తావనే రానీయొద్దు. ఇప్పుడే చేస్తే ఏ పని వెనక్కి వెళ్తుంది, ఆగితే ఎంత నష్టం అని రాసి, "ఏది కావాలో మీరు చెప్పండి" అని ఆ మేనేజర్లను అడగండి, అంతే. మెయిల్‌లో హఠాత్తుగా ఆయన బాస్ పేరు కలిపితే పని ఆ ఒక్కసారి జరుగుతుంది, మళ్లీ ఎప్పుడూ జరగదు.

ఏ పద్ధతి వాడాలన్నా నేను చూసుకునేది ఒకటే, నేను ఇలా ఎందుకు చేశానో అవతలి మనిషికి రేపు తెలిస్తే నొచ్చుకుంటాడా? నొచ్చుకుంటాడనిపిస్తే ఆ పద్ధతి వద్దు.

బాధ్యత మీదైతే ఆ మాట కాగితం మీద ఉండాలి

చాలామంది వదిలేసేది ఇదే. నోటిమాటగా "నువ్వు చూసుకో" అని చెప్పి వదిలేస్తారు, పక్క టీములకు ఆ సంగతే తెలియదు. అడగందే అమ్మైనా పెట్టదు, మీ మేనేజర్‌ను సూటిగా అడగండి: "నేను ఈ రిలీజ్‌ను సమన్వయం చేస్తున్నానని ఆ నాలుగు టీముల మేనేజర్లకు మీ తరఫు నుంచి ఒక మెయిల్ వెళ్తే బాగుంటుంది." మెయిల్ డ్రాఫ్ట్ మీరే రాసి ఇవ్వండి. ఏ విషయాల్లో నిర్ణయం మీది, ఏవి ఆయన్ని అడగాలి అన్నది కూడా అందులో తేల్చుకోండి. ఆయన ఎంత అడిగినా దాటవేస్తూ, తేదీ తప్పినప్పుడు మాత్రం మిమ్మల్నే నిలబెడుతుంటే, మీ నేర్పు ఎంతున్నా లాభం లేదు. అది మీకు ఇచ్చిన అవకాశం కాదు, జీతం లేని మేనేజర్ పని. ఒక రిలీజ్‌కు చేయండి, రెండోదానికి ముందు కూర్చుని మాట్లాడండి, మూడోది ఒప్పుకోకండి.

పని జరిగాక చేసినవాళ్ల గురించి వాళ్ల మేనేజర్‌కు రాయండి. "థ్యాంక్స్ టు ఆల్" అని కాకుండా, ఫలానా రాత్రి ఫలానా ఆయన ఇండెక్స్ నడిపి తెల్లవారేదాకా గమనించాడు, అందుకే శుక్రవారం టెస్టింగ్ మొదలైంది అని. ఆయన రేటింగ్ మీ చేతిలో లేకపోయినా, రేటింగ్ వేసేవాళ్ల టేబుల్ మీద ఆ రెండు వాక్యాలు ఉంటాయి. మీ సొంత అప్రైజల్‌కూ ఇదే దారి. సమన్వయం చేసిన పని కోడ్‌లా ఎక్కడా కనిపించదు కాబట్టి, ఏ టీముల మధ్య ఏది ఆగి ఉంటే ఎలా కదిలించారో నెలనెలా రెండు మూడు వాక్యాలు ఒకచోట రాసి పెట్టుకోండి, ఫారం తెరుచుకునే ముందే ఆ టీముల మేనేజర్లలో ఇద్దరిని మీ గురించి ఫీడ్‌బ్యాక్ రాయమని అడగండి. గడువు చివరి వారంలో అడిగితే వాళ్లు తమ టీమ్ ఫారాలతోనే సతమతమవుతుంటారు.